డెల్టాలో డెల్టా ఎంత?

అమలాపురం దగ్గర డిప్లొమా సివిల్ చదువుతున్న ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: "వరికి డెల్టా 120 సెంటీమీటర్లని మా పుస్తకంలో ఉందండీ. మా చేలో ఏనాడూ నాలుగడుగుల నీరు నిలవలేదు. అంత నీరుంటే నాట్లు మునిగిపోవా?" పుస్తకంలోని అంకెను తన చేను గట్టు మీద నిలబడి పరీక్షించిన ఈ ప్రశ్న నాకు ఎంతో నచ్చింది.

గ్రీకు అక్షరమాలలో నాలుగోదైన డెల్టా త్రికోణాకారంలో ఉంటుంది. నైలు నది పాయల నడుమ ఉన్న భూమిని ఆ పేరుతోనే క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో హెరొడోటస్ వర్ణించాడు. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠలుగా చీలిన మన గోదావరి భూములకూ అదే పేరు వచ్చింది. మూడు ఫేజుల మోటారులో వైండింగులను, అంటే తీగచుట్టలను, త్రికోణంగా కలిపే పద్ధతి కూడా డెల్టాయే.  గణితంలో డెల్టా అంటే మార్పు. గాఢనిద్రలో మెదడు చూపే నెమ్మదైన తరంగాలకూ, 2021లో విజృంభించిన కరోనా రకానికీ ఇదే పేరు.

నీటిపారుదల ఇంజనీర్ల డెల్టా వీటన్నిటికీ వేరు. పంటకాలమంతటిలో చేనికి అందిన నీరు ఇంకకుండా, ఆవిరి కాకుండా ఒకేసారి నిలిచి ఉంటే ఎంత లోతు వస్తుందో ఆ లోతే డెల్టా. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన పడిందంటే వీధిలో మీటరు నీరు నిలిచిందని ఎవరూ అనుకోరు. ఇదీ అలాంటి లెక్కే. 120 రోజుల్లో 120 సెంటీమీటర్లంటే సగటున రోజుకు ఒక సెంటీమీటరు. దమ్ము చేసేటప్పుడు ఎక్కువ కావాలి, కోతకు ముందు అసలు అక్కరలేదు. మొక్క ఆకుల గుండా వదిలేది, మడిలో ఆవిరయ్యేది, నేలలోకి దిగిపోయేది అన్నీ ఇందులోనే ఉంటాయి.

దీనికి జోడీ డ్యూటీ: సెకనుకు ఒక ఘనమీటరు నీరు పంటకాలమంతా పారితే ఎన్ని హెక్టార్లు పండుతాయో ఆ సంఖ్య. పంటకాలపు రోజులను 8.64తో గుణించి డ్యూటీతో భాగిస్తే మీటర్లలో డెల్టా వస్తుందని పిల్లల చేత బట్టీ పట్టిస్తారే గాని, ఆ 8.64 పుట్టుకను చెప్పేవారు తక్కువ. రోజుకు 86,400 సెకన్లు, హెక్టారుకు 10,000 చదరపు మీటర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది 8.64. ఇది తెలిసిన విద్యార్థికి సూత్రం గుర్తుంచుకోవలసిన పనే లేదు. 120 రోజులు, 1.2 మీటర్ల డెల్టా ఉన్న మన వరికి డ్యూటీ 864 హెక్టార్లు, అంటే సుమారు 2,100 ఎకరాలు. అయితే ఇది చేను దగ్గరి లెక్క. కాలువలోనే నాలుగో వంతు ఇంకిపోయిందనుకుంటే కాలువ మొదట్లో నీటిని వదిలే హెడ్ రెగ్యులేటర్ దగ్గర అది 648కి పడిపోతుంది. శివారు భూములకు నీరు అందకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

గోదావరి డెల్టా ఆయకట్టు, అంటే కాలువ నీటితో సాగయ్యే భూమి, సుమారు 10 లక్షల ఎకరాలు. అంతటా వరే వేస్తే 120 సెంటీమీటర్ల లెక్కన ఒక పంటకు దాదాపు 171 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) కావాలి. సార్వాలో, అంటే వానాకాలపు పంటలో, కొంత భారాన్ని వాన మోస్తుంది. దాళ్వాలో, అంటే రబీ పంటలో, దాదాపు అంతా కాలువే మోయాలి. అందుకే దాళ్వాకు వంతులవారీ నీటి మాట వినిపిస్తుంది. డెల్టాను పది సెంటీమీటర్లు తగ్గించగలిగితే ఎకరాకు నాలుగు లక్షల లీటర్లు, ఆయకట్టు మొత్తం మీద 14 టీఎంసీలు మిగులుతాయి. అందుకు ఒక మార్గం ఆరుతడి: చిల్లులున్న గొట్టాన్ని మడిలో పాతి, లోపలి నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్లు దిగువకు పోయాకే మళ్లీ బోదె (చేనికి నీరు తెచ్చే చిన్న కాలువ) తెరుస్తారు. పూత దశలో మాత్రం మడిలో నీరు ఆరనివ్వకూడదు.