అపోహలు - వాస్తవాలు: ఒక స్క్రీన్ నుంచి ఇంకో స్క్రీన్‌కి డేటా పంపడం

కొత్తగా యాప్‌లు రాయడం నేర్చుకునేవాళ్ల కోడ్ చూసి తప్పులు చెప్పడం నా పనిలో ఒక భాగం. మొదటి స్క్రీన్ దాదాపు అందరికీ బాగానే వస్తుంది, ఆగిపోయేది రెండో స్క్రీన్ దగ్గరే. బటన్ నొక్కితే స్క్రీన్ తెరుచుకుంటుంది కానీ పంపిన పేరు అక్కడ ఉండదు, లేదా సున్నా కనబడుతుంది, లేదా యాప్ క్రాష్ అవుతుంది. ఆ టెన్షన్‌లో ఏది పనిచేస్తే అది పెట్టేసి ముందుకెళ్లిపోతారు, అదే పద్ధతి అనుకుని తర్వాతి యాప్‌లోనూ అలాగే రాస్తారు. నేను రోజూ చేసేది ఆండ్రాయిడ్ కాబట్టి ఎక్కువగా దాని గురించే చెప్తాను, ఫ్లట్టర్ (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ యాప్ రాసే సాధనం), ఐఫోన్ సంగతులు అవసరమైన చోట వస్తాయి.

అపోహ: విలువ రాలేదంటే పంపడమే జరగలేదు.

చాలాసార్లు పంపడం సరిగ్గానే జరుగుతుంది, అడగడంలో తేడా ఉంటుంది. ఈమధ్య చూసిన ఒక కోడ్ చెప్తాను. మొదటి స్క్రీన్‌లో ఎన్ని కావాలో టైప్ చేసే పెట్టె ఉంది, అందులో 5 కొడితే రెండో స్క్రీన్‌లో 0 వస్తోంది. రాసినతను ఇంటెంట్‌లో (ఇంకో స్క్రీన్‌ని తెరవమని ఆండ్రాయిడ్‌కి ఇచ్చే సందేశం) పుట్‌ఎక్స్‌ట్రాతో పెట్టాడు, అవతల గెట్‌ఇంట్‌ఎక్స్‌ట్రాతో తీశాడు, ఆ విలువకి గుర్తుగా ఇచ్చే కీ పేరు రెండు చోట్లా ఒకటే. ఎక్కడా తప్పు లేనట్టే ఉంది కదా? కానీ టైప్ చేసే పెట్టెలోంచి వచ్చేది అంకె కాదు, స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస. స్ట్రింగ్‌గా పెట్టి ఇంటీజర్‌గా అడిగితే ఆండ్రాయిడ్ క్రాష్ అవ్వదు, కంపైలర్ కూడా ఏమీ అనదు, మీరు డీఫాల్ట్‌గా ఇచ్చిన 0 తీసి చేతిలో పెడుతుంది. యాప్ నడుస్తున్నప్పటి సందేశాలు కనబడే లాగ్‌క్యాట్‌లో మాత్రం ఒక వార్నింగ్ పడుతుంది: ఈ కీ దగ్గర ఇంటీజర్ ఉండాలి, ఉన్నది స్ట్రింగ్, అందుకే డీఫాల్ట్ విలువ ఇచ్చాను అని. ఎర్రగా లేదని దాన్ని ఎవరూ చదవరు. దయచేసి చదవండి, గంటల కొద్దీ వెతుకులాట తప్పుతుంది. పంపేముందే అంకెగా మార్చండి, కీ పేర్లు రెండు చోట్లా విడివిడిగా టైప్ చేయకుండా ఒకే చోట కాన్‌స్టెంట్‌గా పెట్టుకోండి. డీఫాల్ట్‌గా 0 బదులు -1 ఇస్తే నిజంగా సున్నా వచ్చిందా, అసలేమీ రాలేదా అన్నది చూడగానే తెలిసిపోతుంది.

అపోహ: ఇంటెంట్ తలనొప్పి ఎందుకు, యాప్ అంతటికీ ఒకటే ఉండే స్టాటిక్ వేరియబుల్‌లో పెట్టేస్తే అన్ని స్క్రీన్లకీ అందుతుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టే అపోహ ఇదే, ఎందుకంటే ఇది రాసినవాళ్ల ఫోన్‌లో నిక్షేపంగా పనిచేస్తుంది. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో పెద్ద ఫారం ఉండేది, మొదటి స్క్రీన్‌లో ఎంచుకున్న మనిషి వివరాలు ఒక కంపానియన్ ఆబ్జెక్ట్‌లో (కాట్లిన్ భాషలో స్టాటిక్ లాంటిదే) పెట్టి, రెండో స్క్రీన్‌లో అక్కణ్ణించే తీసుకునేవాళ్లం. రెండో స్క్రీన్‌లో ఫొటో తియ్యాలి. మా దగ్గర ఎన్నిసార్లు చేసినా ఏమీ కాలేదు. వాడేవాళ్ల దగ్గర, 2 జీబీ మెమరీ ఉన్న ఫోన్లలో, కెమెరా తెరిచి తిరిగి రాగానే క్రాష్. పాపం వాళ్లు నింపిందంతా పోయేది, మళ్లీ మొదటి నుంచీ నింపేవాళ్లు.

జరిగింది ఇది: కెమెరాకి మెమరీ చాలక, వెనక ఉన్న మా యాప్ ప్రాసెస్‌ని, అంటే మెమరీలో నడుస్తున్న యాప్‌ని, ఆండ్రాయిడ్ చంపేసింది. అది తప్పు కాదు, దాని పని అదే. ప్రాసెస్ పోయినా ఏ స్క్రీన్ మీద ఏ స్క్రీన్ ఉందో, ఒక్కోటి ఏ ఇంటెంట్‌తో మొదలైందో సిస్టమ్ గుర్తుపెట్టుకుంటుంది. తిరిగి రాగానే పైన ఉన్న రెండో స్క్రీన్‌ని నేరుగా మళ్లీ కడుతుంది. మొదటి స్క్రీన్ కోడ్ అసలు నడవదు, కాబట్టి స్టాటిక్‌లో విలువ పెట్టేవాళ్లే లేరు. ఇంటెంట్‌లో పెట్టిన విలువలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు తిరిగి వస్తాయి.

దీన్ని మీ ఫోన్‌లోనే చూడొచ్చు. రెండో స్క్రీన్ దాకా వెళ్లి హోమ్ నొక్కండి, కంప్యూటర్ టెర్మినల్‌లో, ఫోన్‌కి ఆదేశాలు పంపే ఏడీబీ టూల్‌తో, ఏడీబీ షెల్ ఏఎమ్ కిల్ (adb shell am kill) అని మీ ప్యాకేజీ పేరుతో కొట్టండి, తర్వాత రీసెంట్స్‌లోంచి యాప్ తెరవండి. రీసెంట్స్‌లోంచి పక్కకి తోసేయడం ఈ పరీక్ష కాదు, అప్పుడు ఆ స్క్రీన్ల వరుసే పోయి యాప్ కొత్తగా మొదలవుతుంది. డెవలపర్ ఆప్షన్స్‌లో ఉండే డోంట్ కీప్ యాక్టివిటీస్ కూడా దీనికి సరిపోదు, అది స్క్రీన్లని పడగొడుతుంది గానీ ప్రాసెస్ బతికే ఉంటుంది, స్టాటిక్ విలువ అలాగే ఉండి అంతా బాగున్నట్టే కనబడుతుంది.

అపోహ: సరే, అయితే మొత్తం డేటా ఇంటెంట్‌లోనే పంపేస్తాను.

వద్దు. ఇంటెంట్ వెళ్లేది బైండర్ అనే దారిలో, దాని బఫర్ 1 ఎంబీ, అది కూడా ఆ ప్రాసెస్‌లో అప్పటికి జరుగుతున్న పనులన్నీ కలిసి పంచుకునేది. 4000 × 3000 పిక్సెళ్ల ఫొటోని బిట్‌మ్యాప్‌గా విప్పితే పిక్సెల్‌కి 4 బైట్ల లెక్కన 48 ఎంబీ! ట్రాన్సాక్షన్ టూ లార్జ్ అని పడిపోతుంది. ఫొటో అయితే దాని యూఆర్ఐ, అంటే అది ఎక్కడుందో చెప్పే చిరునామా, పంపండి. డేటాబేస్‌లో ఉన్న రికార్డు అయితే దాని ఐడీ ఒక్కటి పంపండి, మిగతాది రెండో స్క్రీన్ తనే చదువుకుంటుంది. ఇలా చేస్తే ఇంకో లాభం, నోటిఫికేషన్ నొక్కి నేరుగా ఆ స్క్రీన్‌కి వచ్చినా అదే ఐడీతో పని జరిగిపోతుంది.

పైగా ఇంటెంట్‌లో పార్సెలబుల్‌గా (ఇంటెంట్‌లో పంపడానికి వీలైన రూపంలో) పంపిన ఆబ్జెక్ట్ అవతలకి కాపీగానే చేరుతుందని అనుకోండి. అక్కడ పేరు మార్చి వెనక్కొస్తే ఇక్కడ పాత పేరే ఉంటుంది. ఫ్లట్టర్‌లో కన్‌స్ట్రక్టర్ ద్వారా ఇస్తే వెళ్లేది అదే ఆబ్జెక్ట్, పేరు మారుతుంది కానీ సెట్‌స్టేట్ పిలిచి మళ్లీ గీయిస్తే తప్ప వెనక స్క్రీన్ మీద కనబడకపోవచ్చు. రెండిట్లోనూ డేటా అసలు ఉండే చోటు ఒకటే పెట్టుకుని, స్క్రీన్లు అక్కణ్ణించి చదివేలా రాయడం నాకు నచ్చిన పద్ధతి.

అపోహ: రెండు యాక్టివిటీల్లోనూ ఒకే వ్యూమోడల్ క్లాస్ వాడితే డేటా పంపక్కర్లేదు.

యాక్టివిటీ అంటే ఆండ్రాయిడ్‌లో ఒక స్క్రీన్, వ్యూమోడల్ అంటే ఆ స్క్రీన్ డేటాని పట్టుకుని ఉండే ఆబ్జెక్ట్. క్లాస్ ఒకటే, ఆబ్జెక్టులు రెండు. ఏ యాక్టివిటీకి ఆ యాక్టివిటీ తన సొంతది తయారుచేసుకుంటుంది. ఒకే యాక్టివిటీలో ఉన్న ఫ్రాగ్మెంట్లు (స్క్రీన్‌లోని భాగాలు) మాత్రం ఆ యాక్టివిటీ వ్యూమోడల్‌ని పంచుకోగలవు. ఫోన్ అడ్డంగా తిప్పినా వ్యూమోడల్ బతుకుతుంది, పైన చెప్పినట్టు ప్రాసెస్ పోతే మాత్రం అదీ పోతుంది, చిన్న విలువలైతే, ప్రాసెస్ పోయినా నిలిచే సేవ్డ్ స్టేట్ హ్యాండిల్‌లో పెట్టుకోండి.

ఐఫోన్ వైపు స్టోరీబోర్డులతో (స్క్రీన్లని బొమ్మలా గీసి కలిపే పద్ధతి) నేర్చుకునేవాళ్లు తరచూ పడే గుంట ఇంకోటి ఉంది: స్క్రీన్ మారేముందు నడిచే ప్రిపేర్ ఫర్ సెగ్వేలో అవతలి స్క్రీన్ లేబుల్‌కి నేరుగా టెక్స్ట్ పెట్టబోతారు. ఆ సమయానికి ఆ లేబుల్ ఇంకా తయారై ఉండదు, నిల్, వెంటనే క్రాష్. మామూలు వేరియబుల్‌లో పెట్టి, స్క్రీన్ లోడ్ అయ్యాక నడిచే వ్యూడిడ్‌లోడ్‌లో లేబుల్‌కి ఇవ్వండి.

అపోహ: వెనక్కి వెళ్లడమంటే మొదటి స్క్రీన్‌ని మళ్లీ తెరవడమే.

స్టార్ట్‌యాక్టివిటీతో మొదటి స్క్రీన్‌ని పిలిస్తే, మామూలుగా పాతది అడుగున అలాగే ఉండి దాని మీద కొత్తది ఇంకోటి చేరుతుంది. నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాక బ్యాక్ నొక్కి చూడండి, అవే స్క్రీన్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. వెనక్కి వెళ్లాలంటే ఉన్న స్క్రీన్‌ని ఫినిష్ చేయాలి, ఫ్లట్టర్‌లో అయితే పాప్.

వెళ్తూ వెళ్తూ ఒక విలువ వెనక్కి ఇవ్వాలంటే ఆండ్రాయిడ్‌లో సెట్‌రిజల్ట్ పెట్టి ఫినిష్ చేయండి, ఇవతల రిజిస్టర్ ఫర్ యాక్టివిటీ రిజల్ట్‌తో అందుకోండి. పాత పాఠాల్లో కనబడే స్టార్ట్ యాక్టివిటీ ఫర్ రిజల్ట్ ఇప్పుడు డెప్రికేట్ అయింది, అంటే ఇక వాడొద్దని చెప్తున్నారు. ఫ్లట్టర్‌లో పుష్‌ని అవెయిట్ చేస్తే పాప్‌లో ఇచ్చిన విలువ చేతికొస్తుంది. అయితే మీరు పెట్టిన సేవ్ బటన్ నొక్కకుండా బ్యాక్ నొక్కి వచ్చేవాళ్లు కూడా ఉంటారు, అప్పుడు ఫ్లట్టర్‌లో నల్ వస్తుంది, ఆండ్రాయిడ్‌లో రిజల్ట్ క్యాన్సిల్డ్ వస్తుంది. ఆ రెండో దారికి కూడా కోడ్ రాసి, చేత్తో ఒకసారి బ్యాక్ నొక్కి చూశాకే ఆ స్క్రీన్ అయిపోయిందనుకోండి.