చెట్టు నుంచి కీమోథెరపీ దాకా: పెద్దపేగు క్యాన్సర్‌పై మొక్కల మందుల నేపథ్యం

కర్క్యుమిన్, బెర్బెరిన్, రెస్వెరట్రాల్ వంటి మొక్కల పదార్థాలు పెద్దపేగు క్యాన్సర్ కణాలను చంపుతున్నాయంటూ పరిశోధనలు తరచూ వెలువడుతున్నాయి. అవి రోగికి ఎంత దగ్గరగా ఉన్నాయో అంచనా వేయాలంటే, ఈ వ్యాధికి ఇప్పటికే మందుగా స్థిరపడిన ఒక వృక్షరసాయనం చరిత్రను చూడాలి.

చైనాలో పెరిగే క్యాంప్టోథీకా అక్యుమినేటా చెట్టు నుంచి క్యాంప్టోథెసిన్‌ను వేరుచేసినట్టు అమెరికా శాస్త్రవేత్తలు మన్రో వాల్, మన్సుఖ్ వాణి బృందం 1966లో ప్రకటించింది. అది నీటిలో కరగదు. అందుకని సోడియం లవణంగా మార్చి రోగులకు ఎక్కించారు. ఆ మార్పుతో అణువులోని లాక్టోన్ వలయం (మందు పనిచేయడానికి కీలకమైన ఉంగరం లాంటి భాగం) తెరుచుకుని మందు బలం చాలావరకు పోయింది. పైగా ఆమ్లగుణం గల మూత్రంలోకి చేరాక ఆ వలయం మళ్లీ మూసుకోవడంతో, కణితిని తాకాల్సిన విషం మూత్రాశయాన్ని గాయపరిచి రక్తస్రావం కలిగించింది. 1970ల ఆరంభంలో ప్రయోగాలు ఆగిపోయాయి.

ఆ మందు పనిచేసే తీరు 1985లో బయటపడింది. డీఎన్ఏ మెలికలు విప్పడానికి టోపోఐసోమరేజ్-1 అనే ఎంజైమ్ ఒక పోగును తెంపి తిరిగి అతికిస్తుంది. క్యాంప్టోథెసిన్ ఆ అతుకు పడనివ్వదు. కణం తన డీఎన్ఏను నకలు చేసుకుంటూ అక్కడికి వచ్చేసరికి ఆ తెగుడు ప్రాణాంతకమవుతుంది. ఈలోగా జపాన్‌లోని యాకుల్ట్ సంస్థ అదే అణువును నీటిలో కరిగేలా మార్చి ఇరినోటెకాన్‌ను తయారుచేసింది. ఫ్లోరోయురాసిల్ అనే కీమోథెరపీ మందుకు లొంగని, ఇతర అవయవాలకు పాకిన పెద్దపేగు క్యాన్సర్‌కు దాన్ని వాడేందుకు అమెరికా 1996లో అనుమతించింది. చెట్టు నుంచి వేరుచేసిన నాటికీ ఈ అనుమతికీ మధ్య 30 ఏళ్లు గడిచాయి, అణువే మారిపోయింది. ప్రయోగశాలలో కణాలు చనిపోవడం ఈ దారిలో మొదటి మజిలీ మాత్రమేనని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

పసుపులోని కర్క్యుమిన్ పేగు నుంచి రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది కనుక, పేగులోనే మిగిలి అక్కడి జబ్బుపై పనిచేస్తుందని ఆశించడంలో తర్కం లేకపోలేదు. అయితే వంశపారంపర్యంగా పేగునిండా పాలిప్‌లు (పేగు లోపలి గోడపై పెరిగే బుడిపెలు) వచ్చే 44 మందితో జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 3 గ్రాముల చొప్పున ఏడాదిపాటు ఇచ్చినా, ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారితో పోలిస్తే పాలిప్‌ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

బెర్బెరిన్ ఫలితం కొంత ఆశాజనకం. చైనాలో పాలిప్‌లు తొలగించుకున్నవారిపై జరిపి 2020లో ప్రచురించిన పరీక్షలో అవి తిరిగి రావడం 47 శాతం నుంచి 36 శాతానికి తగ్గింది. ఇది నివారణకు సంబంధించిన ఫలితమే తప్ప, ముదిరిన క్యాన్సర్‌కు చికిత్స కాదు.

చికిత్సలో ఉన్నవారు మొక్కల మందులను సొంతంగా కలిపి వాడితే హాని కూడా జరగవచ్చు. దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక, ఇరినోటెకాన్ శరీరంలో మారి ఏర్పడే అసలు మందు రక్తంలో ఉండే స్థాయిని 42 శాతం తగ్గించినట్టు 2002లో ఒక చిన్న అధ్యయనం చూపింది. ఇరినోటెకాన్ తీసుకునేవారు ఆ మూలికను వాడరాదని ఇప్పుడు మందు వివరపత్రంలోనే హెచ్చరిక ఉంటుంది.