ఎండితే మొలవని గింజలు

విత్తనాన్ని బాగా ఎండబెట్టి దాచుకోవాలని అందరికీ తెలుసు. ధాన్యపు గింజల్లో తేమ 5 శాతానికి దిగినా ప్రాణం పోదు. అందుకే జన్యు బ్యాంకుల్లో, అంటే విత్తనాలను దాచే కేంద్రాల్లో, వాటిని మైనస్ 18 డిగ్రీల చలిలో ఏళ్ల తరబడి భద్రపరుస్తారు. ఓక్, చెస్ట్‌నట్ వంటి పెద్ద చెట్ల గింజలకు ఈ పద్ధతి పనికిరాదు. అవి చెట్టు నుంచి రాలేటప్పటికే నీటితో నిండి, చురుగ్గా ఊపిరి పీలుస్తుంటాయి. తాజా చెస్ట్‌నట్ బరువులో దాదాపు సగం నీరే. ఆ తేమ బాగా తగ్గితే లోపలి కణాల పొరలు దెబ్బతింటాయి, ఆపైన ఎంత నానబెట్టినా మొలక రాదు. ఇంత పెద్ద చెట్టుకు మూలమైన గింజ కొన్ని వారాల ఎండకే చచ్చిపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కాబట్టి రాలిన కొద్ది రోజుల్లోనే ఏరుకోవాలి. అన్నిటికన్నా ముందు రాలిన కాయలను, తొడిమ వైపు గిన్నెలా ఉండే టోపీ ఊడిరాని ఓక్ కాయలను వదిలేయడమే మేలు. వాటిలో చాలావరకు పురుగు తొలిచినవో, సరిగా ఎదగనివో ఉంటాయి. ముక్కు పురుగు కాయ చెట్టు మీద ఉండగానే లోపల గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు పప్పు తిని, గుండ్రటి రంధ్రం చేసుకుని బయటపడుతుంది. అప్పుడే ఏరిన కాయలను నీళ్లలో వేస్తే తేలేవి సాధారణంగా ఇలాంటివే, మునిగినవి నాటుకోవచ్చు. ఒక్క చెట్టు కిందే సంచి నింపుకోకుండా, ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన పలు చెట్ల నుంచి ఏరండి. అక్కడి చలికీ, నేలకూ తరతరాలుగా అలవాటుపడిన రకరకాల లక్షణాలు అప్పుడే మొక్కల్లోకి వస్తాయి.

ఇక చలి సంగతి. తెల్ల ఓక్ గింజ రాలిన వెంటనే వేరు వేస్తుంది, దాన్ని అప్పుడే నాటాలి. ఎర్ర ఓక్, వాల్‌నట్ గింజలు మాత్రం చలికాలం గడిస్తేగాని మేల్కోవు. రాలగానే మొలిస్తే లేత మొక్క మంచుకు బలవుతుంది కదా! ఉడుతలకూ ఈ తేడా తెలుసు. ఎర్ర ఓక్ గింజలను పాతిపెట్టి దాచుకుంటాయి, తెల్ల ఓక్ గింజలను అక్కడికక్కడే తినేస్తాయి, లేదంటే మొలక భాగాన్ని కొరికేసి దాస్తాయి.

ఫ్రిజ్‌లో తడి ఇసుకలో, గడ్డకట్టనంత చలిలో, మూడు నాలుగు నెలలు ఉంచితే వాల్‌నట్‌కు ఆ చలికాలం దొరికినట్టే. గట్టి పెంకు మీదుండే మెత్తటి పైతొక్కను ముందే ఒలిచేయాలి. నాటేటప్పుడు గింజను పక్కకు పడుకోబెట్టి, దాని మందానికి రెట్టింపు లోతున మట్టి కప్పాలి. పైన ఇనుప వల తప్పనిసరి, లేకపోతే ఎలుకలు, ఉడుతలు మిగల్చవు. ఆకు కనబడకముందే తల్లివేరు లోతుకు దిగిపోతుంది కాబట్టి, కుండీలో పెంచేవారు పొడవాటిదే ఎంచుకోవాలి. పొట్టి కుండీలో వేరు అడుగున చుట్టలు చుట్టుకుపోతుంది, తర్వాత నేలలో నాటినా ఆ వంపు పోదు.