బూడిద దిబ్బలు: అపోహలు - వాస్తవాలు

పురావస్తు సర్వేకి ఊళ్లకు వెళ్లి బూడిద దిబ్బ (రాతి గొడ్డళ్ల కాలం నాటి పెద్ద బూడిద గుట్ట) ఎక్కడని అడిగితే, దారి కంటే ముందు కథ చెబుతారు. అందులో ఎక్కువగా వినే మాటలివి.

అపోహ: వాలిని దహనం చేసిన చోటు, రాక్షసుల ఎముకల బూడిద.
హంపీ దగ్గర నింబాపురం దిబ్బను వాలి చితి అని ఇప్పటికీ చూపిస్తారు. కథతో నాకు పేచీ లేదు. దిబ్బలో ఉన్నది మాత్రం కాలిన పశువుల పేడ. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 19వ శతాబ్దంలోనే ఈ మాట అన్నాడు. తర్వాత ల్యాబ్ పరీక్షల్లోనూ అదే తేలింది.

అపోహ: ఇనుము కరిగించిన చిట్టెం.
చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. నల్లగా, బుడగలు బుడగలుగా, విరిచిన చోట గాజులా మెరుస్తుంది. గడ్డి మేసిన పశువు పేడలో సిలికా ఉంటుంది. బాగా వేడెక్కితే అది కరిగి గట్టిపడుతుంది. పైగా ఈ పొరల్లో దొరికేవి రాతి గొడ్డళ్లు. ఇనుము ఇంకా రాని కాలం అది.

అపోహ: ఏదో పాత పెంటదిబ్బ.
1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ పాలమూరు జిల్లా ఉట్నూరులో తవ్వాడు (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, చాలామంది పొరబడతారు). దుంగలు పాతిన గుంతలు వరసగా బయటపడ్డాయి. అంటే చుట్టూ కంచె కట్టిన దొడ్డి. లోపల ఆవుల గిట్టల ముద్రలు, నిన్న తొక్కినట్టు. దొడ్డి కాలింది, మళ్లీ కట్టారు, మళ్లీ కాలింది. ఇదంతా నాలుగు వేల ఏళ్లకు పైమాటే. ఎందుకు కాల్చారన్నది ఇంకా తేలలేదు. పశువులను మంట దాటించే పండగల్లాంటిదేమో అన్నాడు ఆల్చిన్. ప్రమాదం అంటే నాకు నమ్మబుద్ధి కాదు. అన్నిసార్లూ ప్రమాదమేనా?

అపోహ: రక్షిత స్థలమని బోర్డు పెడితే పొలం పోయినట్టే.
రైతులు దిబ్బ మాట దాచడానికి అసలు కారణం ఈ భయమే. బోర్డు పడినంత మాత్రాన పట్టా మారిపోదు. పురాతన స్థలాలను కాపాడే 1958 కేంద్ర చట్టంలోనే ఉంది: రక్షిత స్థలంలో అడుగు లోతు మించకుండా దున్ని సాగు చేసుకోవచ్చు. ఇల్లు కట్టడానికి మాత్రం చిక్కు. కేంద్ర రక్షిత స్థలమైతే హద్దు నుంచి 100 మీటర్లు నిషేధం, ఆ పైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. ఎరువుకని జేసీబీ పెట్టి బూడిద తోలుకెళ్లడం ఏ లెక్కనా కుదరదు.