టైల్స్ మీది తెల్లగీత

హైదరాబాద్ చుట్టుపక్కల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫాంహౌసుల్లో ఈతకొలను ఇప్పుడు వింతేమీ కాదు. కట్టిన రెండో మూడో వేసవికి చాలా కొలనుల్లో ఒకే తంతు కనిపిస్తుంది. నీటిమట్టం దగ్గర టైల్స్ చుట్టూ తెల్లటి గీత పడుతుంది, గోటితో గీకినా రాదు. నీళ్లు పాలు కలిపినట్టు మసకబారతాయి. పిల్లలు కళ్లు మండుతున్నాయంటారు. కొలను చూసుకునే మనిషి మరో రెండు డబ్బాల బ్లీచింగ్ పౌడరు వేసి వెళతాడు. వారం తిరిగేసరికి గీత ఇంకాస్త మందమవుతుంది.

అతన్ని తప్పుపట్టి లాభం లేదు. అతని చేతిలో ఉన్నది 1908 నాటి మందు. ఆ మందు తెచ్చిపెట్టిన చిక్కులకు తర్వాతి యాభై అరవై ఏళ్లలో దొరికిన జవాబులు డబ్బాతో పాటు రాలేదు.

బ్లీచింగ్ పౌడరులో క్రిములను చంపే సరుకైన క్లోరిన్ రాకముందు కొలనుకు తెలిసిన వైద్యం ఒకటే: నింపడం, మురికయ్యాక వదిలేయడం. మొహెంజొదారోలో 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పుతో కట్టిన స్నానవాటికకూ ఒక మూల తూము ఉంది. విక్టోరియా కాలపు బ్రిటన్ స్నానశాలల్లోనైతే నీళ్లు మార్చిన రోజు టికెట్టు ఎక్కువ, మురికి పేరుకునే కొద్దీ తక్కువ. డబ్బు లేనివాళ్లు ఆఖరి రోజు దాకా ఆగి ఈదేవారన్నమాట. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీలో జాన్ లీల్ అనే వైద్యుడు ఊరి తాగునీటిలో నిత్యం బ్లీచింగ్ పౌడరు కలిపించడం మొదలుపెట్టారు. వ్యవహారం కోర్టుకెక్కింది, పద్ధతి మాత్రం నిలబడింది. రెండేళ్లలో అది బ్రౌన్ విశ్వవిద్యాలయం ఈతకొలనులోకీ చేరింది.

ఆ మధ్యలో, 1909లో, కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు ప్రయోగశాలలో సోరెన్ సోరెన్‌సెన్ అనే రసాయన శాస్త్రవేత్త మరో పనిలో ఉన్నారు. ఎంజైములు పనిచేసే తీరు ద్రవంలోని ఆమ్లత్వాన్ని బట్టి మారిపోతోంది. దాన్ని చెప్పాలంటే దశాంశ బిందువు తర్వాత బోలెడు సున్నాలు రాయాలి. ఆ విసుగు తప్పించుకోవడానికి ఆయన కట్టిన కొలమానమే పీహెచ్. అందులో ఒక్క మెట్టు ఎక్కితే ఆమ్లత్వం పదోవంతుకు పడిపోతుంది. 7.2కూ 8.2కూ తేడా ఒకటే కదా అనుకునేవారు మోసపోయేది ఇక్కడే.

బీరు కోసం పుట్టిన ఈ అంకెకు కొలనుతో పనేమిటంటే, నీళ్లలో పడిన క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది. క్రిములను చురుగ్గా చంపేది హైపోక్లోరస్ ఆమ్లం. రెండోది హైపోక్లోరైట్, మందకొడిది. పీహెచ్ 7 దగ్గర నాలుగింట మూడొంతులకు పైగా చురుకైన రూపంలో ఉంటుంది. 7.5 దగ్గర దాదాపు సగం. 8 దగ్గర పావువంతుకు దిగిపోతుంది. బ్లీచింగ్ పౌడరులో సున్నం ఉంటుంది కనుక అది పడేకొద్దీ పీహెచ్ పైకి పోతుంది, క్లోరిన్ చేవ తగ్గుతుంది, నీళ్లు బాగుపడలేదని మళ్లీ పౌడరు వేస్తారు. మండే పొయ్యికి నెయ్యి పోసినట్టే. పీహెచ్‌ను 7.2, 7.8 మధ్య ఉంచమనేది ఇందుకే. మన కన్నీటి పీహెచ్ సుమారు 7.4 కావడం వల్ల కళ్లకూ అది హాయి.

మరి తెల్లగీత? దాని లెక్క కట్టినది ఈతతో సంబంధం లేని మరో మనిషి. 1936లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు విల్‌ఫ్రెడ్ లాంజెలియర్ ఊరి నీటి గొట్టాలు తుప్పుపట్టి పోకుండా చూడాలనుకున్నారు. గొట్టం లోపల పలచటి సున్నపు పొర కడితే లోహానికి అదే కవచం. పొర కడుతుందా, ఉన్నది కరుగుతుందా అన్నది పీహెచ్, కాల్షియం, క్షారత్వం (యాసిడ్ పోసినా పీహెచ్ దిగకుండా ఎదురునిలిచే గుణం), నీటి వేడి, కరిగిన లవణాలు కలిసి తేలుస్తాయి. లెక్క సున్నాకు వస్తే సమతుల్యం. ధనసంఖ్య అయితే నీళ్లు సున్నపు పొర కడతాయి, రుణసంఖ్య అయితే దొరికిన చోట సున్నం లాక్కుంటాయి, కొలనులో అది గోడ గచ్చునే తినేస్తుంది. ఆయన కోరి కట్టించాలనుకున్న పొరే మన టైల్స్ మీద అక్కర్లేని గీత. నీళ్లు వేడెక్కితే లెక్క పొర వైపే మొగ్గుతుంది. మే నెల కొలను సంగతి ఇక చెప్పాలా.

నా ఫిర్యాదల్లా ఈ విద్య మన దగ్గరికి సగమే వచ్చిందని. డాలస్ శివార్లలో కొలను ఉన్న ఇల్లు కొన్న బంధువులు ఫోనులో చిట్కాలు చెబుతుంటారు, అవన్నీ శుద్ధిచేసిన నల్లా నీళ్లకు. మన ఫాంహౌసు కొలను నిండేది బోరుతో, కాకుంటే ట్యాంకరుతో. ఇక్కడ వాడుకలో ఉన్న అమెరికా సూచనల ప్రకారం కొలనులో కాల్షియం కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగిన కాల్షియం కొలత, లీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాములు, క్షారత్వం 80 నుంచి 120 ఉండాలి. మన తాగునీటి ప్రమాణమే వేరే ఆధారం లేనప్పుడు కాఠిన్యాన్నీ క్షారత్వాన్నీ 600 దాకా అనుమతిస్తుంది. అంటే తాగడానికి ఒప్పుకున్న నీరు కూడా కొలనుకు మితిమీరినదే కావచ్చు.

ఇలాంటి నీళ్లలో యాసిడ్ పోసి పీహెచ్ దించినా నాలుగు రోజుల్లో అదే పైకొస్తుంది. యాసిడ్ తగిలిన క్షారత్వం నుంచి పుట్టి నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్, మూత తీసిన సోడాలోంచి పోయినట్టు, గాలిలోకి పోతుంది. అది పోయేకొద్దీ పీహెచ్ పెరుగుతుంది. అందానికి పెట్టిన ఫౌంటెన్ ఈ పనిని ఇంకా త్వరగా చేస్తుంది. విసుగెత్తకుండా కొద్దికొద్దిగా యాసిడ్ పోస్తూ క్షారత్వాన్నే దించుకుంటూ రావడం తప్ప దగ్గరదారి లేదు. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడరునూ ఒకే బకెట్టులో కలిపితే విషవాయువు వస్తుందన్న సంగతి మాత్రం పనివాళ్లకు ఒకటికి రెండుసార్లు చెప్పాలి.

ఎండ మరో కథ. రక్షణ లేని క్లోరిన్‌లో సగం మిట్టమధ్యాహ్నం గంటలోపే ఎండకు విచ్ఛిన్నమైపోతుంది. 1950ల చివర దీనికి గొడుగు దొరికింది: సయన్యూరిక్ ఆమ్లం. దాన్ని కలుపుకొని వచ్చినవే తెల్లటి క్లోరిన్ బిళ్లలు. ఇవి ఆమ్లగుణం గలవి కనుక బోరు నీళ్లకు పీహెచ్ విషయంలో మేలే చేస్తాయి. అయితే లీటరుకు 10 మిల్లీగ్రాముల క్లోరిన్ ఇచ్చినప్పుడల్లా 6 మిల్లీగ్రాముల సయన్యూరిక్ ఆమ్లం మిగిలిపోతుంది, అది ఎటూ పోదు. మోతాదు మించితే ఆ గొడుగే క్లోరిన్‌ను బిగబట్టి పనిచేయనివ్వదు. పైన చెప్పిన సగం, పావు లెక్కలు ఈ ఆమ్లం లేని నీళ్లకే వర్తిస్తాయని 1974లో హార్వర్డ్ పరిశోధకుల లెక్కలతో స్పష్టమైంది. ఆ పాత పట్టికను ఇప్పటికీ అన్ని కొలనులకూ అంటగట్టేవారున్నారు.

పరీక్ష పెట్టెలోని ఎర్రరంగు చుక్కల మందు, ఫినాల్ రెడ్, పసుపు నుంచి ఎరుపుకు మారుతూ పీహెచ్ చెబుతుంది. అయితే క్లోరిన్ బాగా ఎక్కువున్నప్పుడు అది ఊదారంగుకు తిరిగి, పీహెచ్ ఆకాశాన్నంటిందని భ్రమ పుట్టిస్తుంది. పౌడరు వేసిన రోజే పరీక్ష చేసి యాసిడ్ డబ్బా ఎత్తకపోవడం మంచిది.

వీటన్నిటికీ లొంగనిది కాల్షియం. వేసవిలో నీళ్లు ఆవిరవుతాయి, సున్నం ఉండిపోతుంది, లోటు పూడ్చడానికి పోసే బోరు నీళ్లు మరికొంత తెస్తాయి. ఏ పొడీ దాన్ని తీసేయదు. కొంత నీరు తోడేసి సున్నం తక్కువున్న మెత్తటి నీరు పోయాలి. ఆ మెత్తటి నీరు జూన్ నుంచి ఫాంహౌసు పైకప్పు మీద ఉచితంగానే పడుతుంది. తొలి వానలు కప్పును కడిగేశాక, వడగట్టి కొలనులోకి మళ్లిస్తే చాలు. కాకపోతే కొలనును పూర్తిగా ఖాళీ చేయొద్దు. వానాకాలంలో నేల కింది నీరు పైకి తన్ని, ఖాళీ తొట్టిని లేపేసిన సందర్భాలున్నాయి.