బాత్‌రూమ్ కిటికీ బీడింగ్‌కి వెనకవైపు కూడా కోటింగ్ ఎందుకు కావాలంటే

చెన్నైలో బాత్‌రూమ్ కిటికీ చుట్టూ ముచ్చటపడి టేకు బీడింగ్, అంటే అంచులకి కొట్టే చెక్క పట్టీలు, వేయించుకుంటారు, రెండు వానాకాలాలు తిరిగేసరికి మూలల్లో సందు పడుతుంది, అడుగు పట్టీ నల్లబడుతుంది, ఇక అందరూ "ఇది అసలు టేకేనా" అని చెక్కనే తిడతారు. అసలు టేకైనా ఇలా అవుతుందండీ, ఎక్కువసార్లు తప్పు ఉండేది కోటింగ్ పడని చోటే.

చెక్క ఎంత ఎండబెట్టి తెచ్చినా గాలిలో తేమని పీలుస్తూ వదులుతూనే ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 80 శాతం ఉంటే చెక్క తన పొడి బరువులో దాదాపు 16 శాతం నీళ్లు పట్టుకుంటుంది, 50 శాతం తేమలో అయితే 9 దగ్గర ఆగుతుంది. దాంతో ఉబ్బేది వెడల్పులోనే, పొడవులో మార్పు దాదాపు ఉండదు. 75 మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు పట్టీ, చెట్టు వయసు వలయాల వెంబడి కోసిందైతే, ఆ 7 శాతం తేడాకే సుమారు ఒక మిల్లీమీటరు మారుతుంది. మూలలో 45 డిగ్రీల కోతలు కలిసే చోట చూడండి, వెడల్పు మారి పొడవు మారకపోతే కోణమే మారిపోతుంది కదా, సందు అక్కడే పడేది అందుకే.

ఇంకో సంగతి, కోసిన చివరని దగ్గరగా పెట్టుకుని చూస్తే సన్నటి చిల్లులు వరసగా కంటికే కనబడతాయి, చెట్టు బతికున్నప్పుడు నీళ్లు పైకెక్కిన గొట్టాలే అవి. పక్క ముఖం కన్నా ఈ చివర్లు నీళ్లని ఎన్నో రెట్లు వేగంగా తాగేస్తాయి. మనవాళ్లేమో కనబడే ముఖానికి మూడు పూతలు పియు (పాలీయురెథేన్ పాలిష్) కొట్టి చివర్లని, వెనకవైపుని వదిలేస్తారు, అడిగితే "వెనకాల ఎవరు చూస్తారు సార్" అంటారు. గోడ తేమ వచ్చేది ఆ వెనక నుంచే, ఒకవైపే ఉబ్బితే పట్టీ వంగుతుంది, తేమ 20 శాతం దాటి అలాగే నిలిచిపోతే బూజు, కుళ్లు మొదలయ్యే వీలుంటుంది.

అందుకే బిగించకముందే ఆరు వైపులా కోటింగ్ వేయించాలి, చివర్లకి ఇంకో రెండు పూతలు ఎక్కువే పడాలి, పూర్తిగా ఆరాకే గోడకెక్కించాలి. షవర్ నీళ్లు నేరుగా పడే కిటికీ అయితే అడుగున చెక్క వద్దు, లోపలికి కాస్త వాలుగా గ్రానైట్ వేయించి మిగతా మూడు వైపులే చెక్క పెట్టుకోండి, నా ఓటు దానికే. టైల్‌కి పట్టీకి మధ్య రెండు మిల్లీమీటర్లు వదిలి సిలికాన్ నింపితే చెక్క కదలడానికి చోటుంటుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి, సముద్రపు ఉప్పుగాలికి మామూలు ఇనుము తుప్పు పడుతుంది, పైగా టేకులో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థంతో కలిసి చుట్టూ నల్ల మరక వస్తుంది. సైటులో చివరి నిమిషంలో అరంగుళం కోసినా సరే, ఆ కొత్త కోతకి అక్కడికక్కడే బ్రష్ పెట్టించండి.