ఈసీజీ మిషన్ ఉంది, కాగితం రోలు లేదు: నూట ఇరవై ఏళ్ల నేపథ్యం

ఛాతీ నొప్పితో మాచర్లలో బయల్దేరిన రోగి గుంటూరు పెద్దాసుపత్రికి చేరాలంటే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. అది గుండెపోటో గ్యాస్ నొప్పో తేల్చడానికి మొదటి ఆధారం ఈసీజీ, అంటే గుండె విద్యుత్ సంకేతాన్ని కాగితం మీద చూపే గీత. నొప్పితో ఆసుపత్రి గడప తొక్కిన మనిషికి పది నిమిషాల్లో తీయాలి. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటైతే, గడ్డను కరిగించే ఇంజెక్షన్ నొప్పి మొదలైన 12 గంటల్లోపు ఇస్తేనే పని చేస్తుంది. ఎంత ముందు పడితే అంత గుండె కండరం మిగులుతుంది.

నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో 1900ల తొలి ఏళ్లలో శాస్త్రవేత్త విలెం ఐంతోవెన్ కట్టిన ఈసీజీ మిషన్ దాదాపు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు కావాలి. రోగి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ల పాత్రల్లో పెట్టుకుని కూర్చోవాలి. దాన్ని ఆసుపత్రికి తరలించే వీల్లేక, 1905లో ఆసుపత్రిలోని రోగి గుండె సంకేతాన్ని టెలిఫోన్ తీగ మీద కిలోమీటరున్నర దూరంలోని ల్యాబ్‌కు రప్పించుకున్నారు. రోగి ఒకచోట, గీత చదివేవారు ఇంకోచోట ఉండే పద్ధతి అప్పుడే మొదలైంది. ఆయనకు 1924లో నోబెల్ వచ్చింది.

గుంటూరు వైద్య కళాశాల 1946 నాటిది. అయినా గుండె వైద్యం చాలాకాలం గుంటూరు కొత్తపేట, విజయవాడ సూర్యారావుపేట చుట్టూనే పోగుపడింది. ధర అడ్డం తొలగించిన మిషన్లలో ఒకటి 2008 ప్రాంతంలో బెంగళూరు నుంచే వచ్చింది. జీఈ కంపెనీ ఇంజినీర్లు బటన్లను నాలుగుకు తగ్గించి, టికెట్ మిషన్లలో వాడే చిన్న ప్రింటర్ బిగించి, బ్యాటరీతో నడిచే ఎంఏసీ 400 తయారు చేశారు. రెండు వేల డాలర్ల మిషన్ పని ఎనిమిది వందల డాలర్లకే అయ్యింది.

మిషన్ చవకైంది సరే, దాని వెంట ఉండాల్సిన సరంజామా సంగతి ఎవరికీ పట్టలేదు. ఛాతీ మీద అతికే ఆరు రబ్బరు బుడ్డీలు రోహిణీ కార్తె ఎండలకు ఎండి పగులుతాయి. పగిలిన బుడ్డి గాలి పట్టదు, గీత కిందా మీదా ఊగుతుంది. జెల్లీ లేదని నీళ్లు రాస్తే రెండు నిమిషాల్లో ఆరిపోతాయి. గీత పడే కాగితం రోలు ఒక మిషన్‌కు 80 మిల్లీమీటర్లది, ఇంకోదానికి 210ది. ఇండెంట్‌లో (సరుకు కావాలని పంపే చీటీలో) సైజు రాయకపోతే వచ్చిన రోలు బీరువాలో పడి ఉంటుంది. గీత పడిన థర్మల్ స్ట్రిప్పును (వేడితో అచ్చయ్యే కాగితం ముక్కను) ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఎండ తగిలే చోట ఉంచితే కొన్ని నెలల్లో వెలిసిపోతుంది. జిరాక్సు తీసి ఉంచడం మంచిది.

అన్నిటికన్నా మోసం చేసేది ఎర్తింగ్. స్ట్రిప్పు మీద పది మిల్లీమీటర్లు ఒక మిల్లీవోల్టు. పక్కపక్క లీడ్లలో (గుండెను ఒక్కో కోణం నుంచి చూపే గీతల్లో) ఒక్క మిల్లీమీటరు ఎత్తు పెరిగితేనే గుండెపోటు అనుమానం. ఎర్త్ సరిగా లేని గదిలో కరెంటు తాలూకు 50 సైకిళ్ల అలజడి గీతను రంపపు పళ్లలా మందం చేస్తుంది, ఆ ఒక్క మిల్లీమీటరూ అందులో కలిసిపోతుంది. ఫ్యాను ఆపి, ప్లగ్ పీకి బ్యాటరీ మీద తీస్తే చాలాసార్లు శుభ్రమైన గీత వస్తుంది. కానీ ఆ బ్యాటరీ ఎప్పుడో చచ్చి ఉంటే?

ఇది మన దగ్గరే కాదు. పదహారు పేద దేశాల్లో 1,12,040 వైద్య పరికరాల లెక్క తీసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 38.3 శాతం మూలన పడి ఉన్నాయని తేలింది. శిక్షణ, నిర్వహణ, మౌలిక సదుపాయాల కొరతే ముఖ్య కారణాలు.

గుండెను బొమ్మగా చూపే ఎకో పరీక్ష సంగతి వేరు. అది కూడా అల్ట్రాసౌండే కాబట్టి లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం కింద రిజిస్టర్ కావాలి. మోసుకెళ్లే మిషన్లపై 2012లో నిబంధనలు బిగిశాయి. చట్టం అవసరమైనదే. కీళ్లవాతంతో గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లల్ని ఊళ్లలోనే గుర్తించే పని మాత్రం దాంతో కష్టమైంది.

2023లో రాష్ట్ర ప్రభుత్వం గుంటూరు సహా నాలుగు జిల్లాల్లో పెట్టిన గుండెపోటు అత్యవసర పథకం లైడెన్ పద్ధతినే తిరిగి తెచ్చింది. కింది ఆసుపత్రిలో ఈసీజీ తీస్తారు, పెద్దాసుపత్రిలో నిపుణుడు చదువుతాడు, ఇంజెక్షన్ అక్కడికక్కడే ఇస్తారు. ఈ గొలుసులో అతి తేలిగ్గా జరిగే పొరపాటు చేతుల తీగలు తారుమారవడం. ఎరుపు కుడిచేతికి, పసుపు ఎడమచేతికి, ఆకుపచ్చ ఎడమకాలికి, నలుపు కుడికాలికి పెట్టాలి. ఎరుపు, పసుపు మారితే ఒకటో లీడ్ తలకిందులవుతుంది, ఏవీఆర్ అనే లీడ్ పైకి లేస్తుంది. చదివే డాక్టరుకు కనిపించేది గీత ఒక్కటే, మంచం కనిపించదు. అనుమానం వస్తే ఫోన్ చేసి తీగలు సరిచేయించి మళ్లీ తీయమంటాడు. అప్పటికి రోలు అయిపోతే ఆ రెండో గీత రాదు.